ఉక్కు గేటు ముందు ఊపిరి

విశాఖపట్నం స్టేషన్లోకి వెళ్ళిన రైలు మళ్ళీ దారిన పడాలంటే ఇంజనును ఈ చివర తీసి ఆ చివర తగిలించాలి. అంత తీరిక లేని దూరప్రయాణపు రైళ్ళు ఊళ్ళోకి రాకుండా దువ్వాడలోనే ఆగి వెళ్ళిపోతాయి. నేను వచ్చిందీ అలాంటి బండిలోనే. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. స్టేషన్ బయట ఆటో ఎక్కితే కాసేపట్లోనే కూర్మన్నపాలెం కూడలి వచ్చింది. ఒకవైపు 16వ నంబరు జాతీయ రహదారి, దాని మీద తెరపి లేకుండా లారీలు. రెండోవైపు ఉక్కునగరంలోకి పోయే దారి. ఆరు గంటలకు ‘ఏ’ షిఫ్టు మొదలవుతుంది కాబట్టి ఆ వేళకే రోడ్డంతా మోటారు సైకిళ్ళు. టీ బడ్డీల దగ్గర హెల్మెట్ తీయకుండానే గ్లాసు అందుకుంటున్నవాళ్ళు కొందరు.

కూర్మన్నపాలేన్ని చూడడానికని ఎవరూ రారు. విశాఖ వచ్చినవాళ్ళు రామకృష్ణా బీచికి పోతారు, కైలాసగిరి ఎక్కుతారు, సింహాద్రి అప్పన్నను చూసుకుంటారు. ఇక్కడికి వచ్చేవాళ్ళు పనికోసమే వస్తారు. నేను వచ్చింది ఒక డాబా కోసం. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటి డాబా మీద పొద్దున్నే కొందరు చేరి, కళ్ళు మూసుకుని, తమ ఊపిరిని తాము గమనిస్తూ కూర్చుంటారని హైదరాబాదులో ఒక మిత్రుడు చెప్పాడు. ఆశ్రమాల్లో, అడవుల్లో, హిమాలయాల్లో ధ్యానం చేసినవాళ్ళ గురించి చాలా చదివాను. నైట్ డ్యూటీ దిగివచ్చి ధ్యానం చేసేవాళ్ళను చూడాలనిపించింది.

ఈ కూడలి చరిత్ర తెలియకుండా ఆ డాబా మీద కూర్చుంటే ప్రయాణం సగమే అవుతుంది. 1966 అక్టోబరులో టి. అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం ఊరూరా మోగింది. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దీనికోసం 64 గ్రామాలవాళ్ళు నేల వదులుకున్నారు. ఆ నిర్వాసితుల కాలనీలు గాజువాక చుట్టుపక్కలే ఉన్నాయి. ప్రైవేటుపరం చేస్తామన్న మాట వచ్చినప్పుడు, 2021 ఫిబ్రవరి 12న, ఈ కూర్మన్నపాలెం కూడలిలోనే కార్మికులు రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. అవి వెయ్యి రోజులు దాటి సాగాయి. ఒక దీక్షతో వచ్చిన కర్మాగారాన్ని ఇంకో దీక్షతో నిలుపుకోవాలనుకున్న ఊరిది. ఇక్కడి జనానికి ఊరికే కూర్చోవడం అలవాటు లేదు. కూర్చున్నారంటే దేనికోసమో కూర్చున్నట్టే.

బాబాయి (ఆయన్ని అలాగే పిలిచాను, ఆయన నన్ను ‘బాబూ’ అన్నారు) మెషీన్ షాపులో లేత్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి. డాబా మీద ఒక మూల రేకులతో చిన్న పిరమిడ్ కట్టించుకున్నారు. అందులో నలుగురు కూర్చుంటే నిండిపోతుంది. మిగతావాళ్ళంతా ఆరుబయటే, చాపల మీద. మోకాళ్ళు పట్టేసినవాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు. పదిమంది దాకా వచ్చారు. రాత్రి సీ షిఫ్టు ముగించుకుని నేరుగా వచ్చినవాడొకడు. పిల్లలకు క్యారేజీలు సర్దే లోపల ఒక్క అరగంట తనకోసం ఉంచుకున్న ఇద్దరు అక్కలు. బ్యాంకులో పనిచేసే కుర్రాడు. కొడుకు దగ్గరికి శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ.

వాళ్ళు చేసే పద్ధతి తెలుగునాట చాలామందికి తెలిసిందే. కాళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి వేసుకోవాలి, చేతివేళ్ళు ఒకదానిలో ఒకటి పెట్టుకోవాలి, కళ్ళు మూసుకోవాలి. ఆ తర్వాత మంత్రం లేదు, రూపం లేదు, లెక్క లేదు. వచ్చే గాలిని, పోయే గాలిని గమనించడమే. ‘శ్వాస మీద ధ్యాస’ అన్న ఈ మాటను ఊరూరా తీసుకెళ్ళింది సుభాష్ పత్రి. 1947లో బోధన్‌లో పుట్టారు. కోరమాండల్ ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, కర్నూలులో 1990లో ధ్యాన సంఘాన్ని మొదలుపెట్టారు. అదే పిరమిడ్ ధ్యాన ఉద్యమంగా పెరిగింది. కడ్తాల్‌లో పెద్ద పిరమిడ్ లేచింది. 2022 జులైలో ఆయన కాలం చేశారు. ఆయన ఉద్యోగం చేసిన ఆ ఎరువుల కంపెనీ కర్మాగారం ఈ విశాఖలోనే, రేవు పక్కన ఉంది. ఎవరి వయసెంతో అన్ని నిమిషాలు రోజూ కూర్చోమని చెప్పడం, ఎవరి దగ్గరా పైసా తీసుకోకపోవడం, ఎవరి శ్వాసే వాళ్ళకు గురువు అనడం – ఈ మూడూ నాకు ఆయనపై గౌరవం కలిగించే విషయాలు. అరవై రెండేళ్ళ మనిషికి అరవై రెండు నిమిషాలు. ఏ పల్లెటూరి మనిషికైనా ఒక్కసారి వింటే గుర్తుండిపోయే లెక్క.

పిరమిడ్ కింద కూర్చుంటే శక్తి ఎక్కువ వస్తుందని అక్కడివాళ్ళు నమ్ముతారు. నేను లోపలా కూర్చున్నాను, బయటా కూర్చున్నాను. నాకు తేడా తెలియలేదు. ఊపిరికి పైకప్పు అవసరం లేదని నా అభిప్రాయం. ధ్యానంతో సర్వరోగాలూ పోతాయన్న మాటనైతే ఒప్పుకోను. షుగరుకు మాత్ర మాత్రే, ఆస్తమాకు ఇన్‌హేలర్ ఇన్‌హేలరే. ఈ మాట బాబాయితో అంటే ఆయన నొచ్చుకోలేదు. “మందు మానీమని నేనెవరికీ చెప్పను బాబూ. నాకూ బీపీ మాత్ర ఉన్నాది. మాత్ర ఏసుకునే కూకుంటాను” అన్నారు.

కూర్చున్న కాసేపటికి ఎదురయ్యే అసలు చిక్కు వేరే ఉంది. ఊపిరిని చూడమన్నారు కదా అని చూడడం మొదలుపెట్టగానే అది మన చేతిలోకి వచ్చేస్తుంది. అప్పటిదాకా దానంతటది నడిచింది కాస్తా ఇప్పుడు మనం నడిపిస్తే నడుస్తోంది. బాగా పీల్చాలనిపిస్తుంది, సమంగా వదలాలనిపిస్తుంది. యోగా తరగతికి వెళ్ళి ప్రాణాయామం నేర్చుకున్నవాళ్ళకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ప్రాణాయామంలో శ్వాసకు మనం కొలత పెడతాం: ఇంతసేపు పీల్చాలి, ఇంతసేపు ఆపాలి, ఇంతసేపు వదలాలి. ఇక్కడ కొలత పెట్టకూడదు. పొట్టిగా వస్తే పొట్టిగానే రానివ్వాలి. గురకలా వచ్చినా, తెగితెగి వచ్చినా సరిచేయకూడదు. శరీరంలో గుండె మన మాట వినదు, జీర్ణాశయం వినదు. ఊపిరి మాత్రం రెండు పక్షాలా ఉంటుంది. నిద్రలో మనం లేకపోయినా నడుస్తుంది, మెలకువలో పట్టుకుంటే ఆగుతుంది. దానికి లయ కట్టే చిన్న నాడీకణాల గుంపు మెదడు కాండంలో ఉందని 1991లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇలా సగం మనదీ సగం మనది కానిదీ కావడం వల్లే కాబోలు, ఇన్ని సంప్రదాయాలు ఊపిరినే పట్టుకున్నాయి.

ఈ చిక్కును బాబాయి విడదీసిన తీరు నేను ఎక్కడా వినలేదు. కాఫీ తాగుతూ అడిగాను, చూస్తూనే నడపకుండా ఉండడం ఎలా అని. ఆయన లేత్ సంగతి చెప్పారు.

“జాబు చక్‌లో బిగించి ఫీడ్ ఏసేక టూలు దానంతటదే నడుస్తాది బాబూ. అప్పుడు మనం చెయ్యెట్టకూడదు. చెయ్యెడితే జాబు పోతాది. అలాగని పక్కోడితో కబుర్లాడితే కుదరదు. కన్ను దాని మీదే ఉండాల. చిప్పు ఎలాగొస్తంది, చప్పుడెలాగుంది, అన్నీ తెలుస్తుండాల. చెయ్యి ఖాళీ, కన్ను పనిలో. ఇదీ అంతే.”

ఆయనకు పాలీ గ్రంథాలతో పరిచయం లేదు. కానీ రెండున్నర వేల ఏళ్ళ కింద బుద్ధుడు సతిపట్ఠాన సుత్తంలో శ్వాసను గమనించడం గురించి చెబుతూ తీసుకున్న ఉదాహరణ కూడా తరిమెన (లేత్) పట్టే పనివాడిదే. నేర్పరి పనివాడు తాడును పొడుగ్గా లాగినప్పుడు పొడుగ్గా లాగుతున్నట్టు ఎరుగుతాడు, పొట్టిగా లాగినప్పుడు పొట్టిగా లాగుతున్నట్టు ఎరుగుతాడు. సాధకుడు కూడా దీర్ఘశ్వాసను దీర్ఘశ్వాసగా, హ్రస్వశ్వాసను హ్రస్వశ్వాసగా ఎరగాలన్నది అక్కడి భావం. ఆ రోజుల్లో తాడుతో తిప్పేవారు, ఇప్పుడు మోటారు తిప్పుతోంది. మధ్యలో ఇన్ని శతాబ్దాలు గడిచినా, ఈ పనిని వివరించడానికి అదే వృత్తి మనిషి అదే పోలిక దగ్గరికి వచ్చాడు. ఋషీ మునీ చెప్పలేని విషయాన్ని టర్నర్ చెప్పగలడని ఆ పొద్దున నాకు రూఢి అయింది.

బుద్ధుడు ఈ సాధనను వివరంగా చెప్పింది ఆనాపానసతి సుత్తంలో. మజ్ఝిమ నికాయంలో అది 118వది. చెప్పిన చోటు శ్రావస్తి, చెప్పిన రాత్రి కార్తిక పౌర్ణమి. పదహారు మెట్లు. మొదటి నాలుగూ శరీరానివి, తర్వాతి నాలుగు అనుభూతులవి, ఆపై నాలుగు చిత్తానివి, చివరి నాలుగూ అన్నీ మారిపోయేవేనని చూసి విడిచిపెట్టడానివి. మన డాబాల మీద జరిగేది ఎక్కువగా మొదటి నాలుగు మెట్ల పనే. అది తక్కువ పనేమీ కాదు. ఆ రాత్రి ఆయన కూర్చున్న విహారం, విశాఖ అనే గృహిణి కట్టించి ఇచ్చినది. ఈ ఊరికీ ఆమెకూ బంధుత్వం కలపబోవడం లేదు. కానీ ఈ ఊళ్ళో కూర్చుని ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎంతో సంతోషం వేసింది.

మధ్యాహ్నం కాకముందే శంకరం బయల్దేరాను. కూర్మన్నపాలెం నుంచి లంకెలపాలెం మీదుగా అనకాపల్లి, అక్కడినుంచి కొద్దిదూరం. బెల్లం మార్కెట్టు ఊరు దాటగానే పొలాలు, ఆ పొలాల మధ్య రెండు చిన్న కొండలు. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. గత శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. మెట్లెక్కితే కొండ రాతిలోనే తొలిచిన గుహలు, గూళ్ళలో కూర్చున్న బుద్ధ ప్రతిమలు. పెద్ద గుహలో పదహారు స్తంభాలు, నడుమ అదే రాతిలో మలిచిన స్తూపం. లింగాలకొండ నిండా వరుసలు వరుసలుగా చిన్నా పెద్దా రాతి స్తూపాలు. లింగాల్లా కనిపించబట్టే ఊరివాళ్ళు ఆ పేరు పెట్టారు. 

గుహలో ఓ పక్కగా కూర్చున్నాను. చల్లగా ఉంది, నిశ్శబ్దంగా ఉంది. నిజం చెప్పాలంటే అక్కడ శ్వాసను చూడడం డాబా మీదకన్నా తేలికేమీ కాలేదు. లారీ హారన్లు లేవు కాబట్టి వాటి చోట్లోకి నా ఆలోచనలు వచ్చాయి. కూర్మన్నపాలెంలో హారన్ మోగినప్పుడల్లా ధ్యాస చెదిరిందని వెంటనే తెలిసిపోయేది, తెలియగానే ఊపిరి దగ్గరికి తిరిగి వచ్చేవాణ్ణి. ఇక్కడ అంత నిశ్శబ్దంలో ఎంతదూరం పోయానో కూడా తెలియలేదు. నిశ్శబ్దం ఉంటేనే ధ్యానం కుదురుతుందనే మాటను అందరం అంటుంటాం. అది షిఫ్టు మనుషులకు ఎంత అన్యాయం చేసే మాటో ఆ గుహలో తెలిసింది. నిశ్శబ్దం కొనుక్కోగలవాళ్ళకే ధ్యానం అన్నట్టు అవుతుంది కదా.

ఈ తీరమంతా బౌద్ధుల కొండలే. ఊరికి ఆ చివర, భీమిలి దారిలో బావికొండ, తొట్లకొండ, పావురాళ్ళకొండ. నౌకాదళం విమానాల నుంచి చేసిన సర్వేలో తొట్లకొండ శిథిలాలు బయటపడ్డాయి. తవ్వితే స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే ఆ కొండ కింద ఓడలు వచ్చిపోతుండేవి. ఆ భిక్షువులు కూడా రేవుపట్నం పక్కన, సరుకులు దిగే సందడి వినిపించే చోట ఉన్నవాళ్ళే. తొట్లకొండ వెలుగుతున్న కాలంలోనే, క్రీస్తుశకం రెండో శతాబ్దంలో, పార్థియా నుంచి వెళ్ళిన ఆన్ షిగావ్ అనే భిక్షువు చైనాలోని లోయాంగ్ నగరంలో ఆనాపాన సాధన గురించి చైనా భాషలోకి అనువదించాడు. చైనాకు చేరిన తొలి బౌద్ధ విషయాల్లో ఊపిరి ఒకటి.

ఆ తర్వాత మన నేల ఈ సాధనను దాదాపు మరిచిపోయింది. తిరిగి వచ్చిన దారి బర్మా మీదుగా. అక్కడ లేడీ సయాడో అనే భిక్షువు గృహస్థులకు నేర్పడం మొదలుపెట్టారు. ఆయన శిష్యుడు సయా తెట్జీ వ్యవసాయదారుడు. తెట్జీ దగ్గర నేర్చుకున్న ఊ బా ఖిన్ బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన ఉద్యోగి. ఆయన శిష్యుడు గోయెంకా మాండలేలో పుట్టిన వ్యాపారి. గోయెంకా 1969లో భారతదేశం వచ్చి పదిరోజుల శిబిరాలు మొదలుపెట్టారు. వాటిలో మొదటి మూడు రోజులకు పైగా సహజ శ్వాసను గమనించడమే పని. 1976లో హైదరాబాదు శివార్లలో ధమ్మఖేత్త వెలిసింది, దేశంలో ఆయన పద్ధతి నేర్పే తొలి కేంద్రాల్లో అదొకటి. పత్రిజీ పద్ధతి వేరు, గోయెంకా పద్ధతి వేరు. ఈ శిబిరాలవాళ్ళు నియమాల్లో గట్టివాళ్ళు, ఆ ఉద్యమంవాళ్ళు పాటా వేణువూ కలుపుకునేవాళ్ళు. వాళ్ళ తేడాలు తేల్చే పని నేను పెట్టుకోలేదు. నా కంటికి ఆనింది ఇంకొకటి: రైతు, లెక్కల ఉద్యోగి, వ్యాపారి, ఎరువుల కంపెనీ మనిషి. ఈ కాలంలో ఈ సాధనను మోసుకొచ్చింది పనిచేసి బతికే మనుషులు. కూర్మన్నపాలెం టర్నర్ ఆ వరుసలో సహజంగా నిలబడతాడు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి బీ షిఫ్టు నడుస్తోంది. లోపల ఎక్కడో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ – ఇవి ఇక్కడి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు – మండుతూనే ఉంటాయి. బాబాయి భార్య (ఆమెను పిన్ని అన్నాను) మజ్జిగ ఇస్తూ, “ఊపిరి చూసుకోమంటారు సరే, ఊపిరి పీల్చుకునే గాలి సంగతి ఎవులు చూస్తారు బాబూ? డాబా తుడిస్తే గుడ్డ నల్లగా అవుతాది” అన్నారు. డాబా మీద ఎవరూ అనని మాట. మనిషి నిమిషానికి పదిహేను సార్లు ఊపిరి తీస్తాడనుకుంటే రోజుకు 21,600. మన పెద్దలు చెప్పుకొచ్చిన లెక్కా అదే. ఒక్కో ఊపిరికి అర లీటరు చొప్పున పదివేల లీటర్లకు పైగా గాలి రోజూ లోపలికి వెళ్తుంది. బొగ్గు, ఇనుప ఖనిజం దిగే రేవు ఊళ్ళో ఆ గాలి ఎలాంటిదన్నది ఆధ్యాత్మిక ప్రశ్న కాదని తోసెయ్యడానికి లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఇదే నగరంలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఊపిరిని ఉన్నదున్నట్టు చూడడం నేర్చుకున్నవాళ్ళు, దానిలోకి వస్తున్న ధూళిని కూడా ఉన్నదున్నట్టు చూసి, అడగాల్సినవాళ్ళను అడగాలి. దీక్షా శిబిరంలో కూర్చున్నవాళ్ళలో కొందరు ఈ డాబా మీదా కూర్చునేవాళ్ళని విన్నాక, ఈ ఊరికి ఆ రెండు పనులూ చేతనవునని నమ్మకం కలిగింది.

సీ షిఫ్టు దిగి వచ్చిన ఆ అబ్బాయిని పొద్దున్నే అడిగాను, ఇంటికెళ్ళి పడుకోక ఇక్కడికెందుకు వస్తావని. నిద్ర పట్టదన్నాడు. పడుకున్నా ఒళ్ళంతా ఫ్లోర్ మీదే ఉన్నట్టుంటుందట. ఇక్కడ కాసేపు కూర్చుని వెళ్తే పడుతుందన్నాడు. ఇంతకు మించి అతనేమీ చెప్పలేదు. వెలుగు కనిపించిందనీ, మూడో కన్ను తెరుచుకుందనీ అనలేదు. నేను అక్కడ విన్న అన్ని మాటల్లోకీ ఎక్కువ విలువిచ్చేది ఈ మాటకే.

మీలో షిఫ్టు పని చేసేవాళ్ళుంటే, ఆసుపత్రి నర్సులో, బస్సు డ్రైవర్లో, కాల్ సెంటర్ పిల్లలో, ఒకసారి చేసి చూడండి. కొండలు ఎక్కనక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. డ్యూటీ బస్సు కదలడానికి ముందు సీట్లో కూర్చుని చేయొచ్చు. ఊపిరిని మార్చకండి, లెక్కించకండి. ధ్యాస పక్కకు పోతే తిట్టుకోకుండా తిరిగి రండి. ఊపిరి మీద దృష్టి పెడితే ఆయాసం, భయం పెరిగేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళు కళ్ళు తెరిచి, నేలకు తగిలే పాదాలను గమనించినా చాలు, డాక్టరుకు చెప్పడం మాత్రం మానొద్దు. ఎప్పుడైనా విశాఖ వెళ్తే బీచి చూశాక ఒక పూట శంకరానికి ఉంచండి. ఆ స్తూపాల మీద ఎక్కి ఫోటోలు మాత్రం దిగకండి. అవి మన తాతల తాతలు కూర్చున్న చోట్లు.